ఉన్న డిష్‌తోనే ఇంటర్నెట్ ఎందుకు ఇవ్వరు? హెచ్‌డీ ఛానళ్లు కొన్ని తగ్గించైనా ఇవ్వొచ్చు కదా?

రవి_పాడేరు | అల్లూరి సీతారామరాజు జిల్లా

అందరికీ నమస్కారం. మాది పాడేరు దాటి లోపలికి వెళ్లాక వచ్చే ఊరు. దాదాపు ప్రతి ఇంటి మీదా డిష్ ఉంది. కరెంటు ఉన్నంతసేపూ టీవీ బాగానే వస్తుంది. నెట్ మాత్రం లేదు. ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే గట్టు మీదికి ఎక్కాలి. డిగ్రీ పిల్లలు స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకోవాలన్నా, రేషన్ కార్డుకి ఈకేవైసీ చేయించుకోవాలన్నా ఆ గట్టే దిక్కు. వానాకాలంలో అక్కడికి ముసలివాళ్లను తీసుకెళ్లడం ఎంత కష్టమో చూస్తేగానీ తెలియదు.

టీవీలో చూస్తే వందల ఛానళ్లు. వాటిలో మళ్లీ హెచ్‌డీవి వేరే. ఒకే సినిమా ఒకే సమయంలో ఎస్‌డీలోనూ వస్తుంది, హెచ్‌డీలోనూ వస్తుంది. అంత చోటు ఉపగ్రహంలో ఉన్నప్పుడు, హెచ్‌డీ ఛానళ్లు ఒక పదో ఇరవయ్యో తీసేసి ఆ చోటులో మాలాంటి ఊళ్లకి ఇంటర్నెట్ ఇవ్వలేరా? డిష్ ఇంటి మీద ఉండనే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

కృష్ణమూర్తి_ఎర్త్‌స్టేషన్ | హైదరాబాద్

రవి గారూ, నా ఉద్యోగమంతా ఎర్త్ స్టేషన్లలోనే, అంటే ఉపగ్రహాలకి సిగ్నల్ పంపి, వాటి నుంచి అందుకునే కేంద్రాల్లోనే గడిచింది కాబట్టి తెలిసినంత వివరంగా చెబుతాను.

మొదట డిష్ సంగతి. మీ ఇంటి మీద ఉన్నది వినడానికే పనికొస్తుంది, మాట్లాడడానికి కాదు. డిష్ ముందు బిగించిన ఎల్‌ఎన్‌బీ పై నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టుకుని బాక్సుకి పంపుతుంది, అంతే. ఇంటర్నెట్‌కి మీరు పైకి కూడా పంపాలి. దానికి ట్రాన్స్‌మిటర్, మోడెమ్, కాస్త పెద్ద డిష్, వాటికి అనుమతులు కావాలి. దాన్నే వీశాట్ అంటారు. బ్యాంకు ఏటీఎంల మీద, పెట్రోల్ బంకుల మీద కనిపిస్తుంది.

సామాను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా అసలు ఇబ్బంది చోటు దగ్గరే ఉంది. ఉపగ్రహంలో ఛానళ్లను మోసే ఒక్కో భాగాన్ని ట్రాన్స్‌పాండర్ అంటాం. మామూలుగా 36 మెగాహెర్ట్జ్ ఉంటుంది. ఇప్పటి డీవీబీ-ఎస్2 పద్ధతిలో ఒక్కోదాని నుంచి సెకనుకు 60, 65 మెగాబిట్ల దాకా రాబట్టొచ్చు. వీడియోని కుదించే ఎంపెగ్-4 పద్ధతిలో ఒక హెచ్‌డీ ఛానల్‌కి 6 నుంచి 8 మెగాబిట్లు పడుతుంది. ఎస్‌డీకి ఒకటిన్నర, రెండు చాలు. అంటే ఒక ట్రాన్స్‌పాండర్‌లో హెచ్‌డీ ఛానళ్లు 8 నుంచి 10 పడతాయి, ఎస్‌డీ అయితే 30కి పైనే.

మీరన్నట్టు ఒక 10 హెచ్‌డీ ఛానళ్లు తీసేద్దాం. 65 మెగాబిట్లు ఖాళీ అయ్యాయి. మనిషికి 5 మెగాబిట్లు ఇస్తే ఒకేసారి 13 మంది వీడియో చూడగలరు. డీటీహెచ్ బీమ్ (ఉపగ్రహం నుంచి సిగ్నల్ పడే మేర) కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఒకటే కాబట్టి, ఆ 13 మంది మీ ఊరికి కాదు, దేశం మొత్తానికి.

టీవీ సిగ్నల్ ఒకసారి కిందికి దిగాక చూసేవాళ్లు వందమందైనా కోటిమందైనా ఖర్చు ఒకటే. ఇంటర్నెట్‌లో ఎవరి డేటా వారిది. గుడి మీద మైకు కట్టి ఊరందరికీ ఒకేసారి చెప్పడానికీ, ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్కరితో వేరే మాట మాట్లాడడానికీ ఉన్నంత తేడా ఇది. అందుకే డీటీహెచ్ కంపెనీలు ట్రాన్స్‌పాండర్లను టీవీకే వాడుకుంటాయి. వాటిలో దురాశ లేదని నేననను, కానీ ఈ లెక్క మాత్రం దురాశ వల్ల వచ్చింది కాదు.

---

రవి_పాడేరు

కృష్ణమూర్తి గారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు. 13 మంది అనేసరికి గుండె జారిపోయింది. మరి ఇస్రో ఇంటర్నెట్ కోసమే ఉపగ్రహాలు వేసిందని పేపర్లో చదివాం కదా. జీశాట్-11 అప్పుడు గ్రామాలకి ఇంటర్నెట్ అన్నారు. అవి ఎలా పనిచేస్తున్నట్టు?

---

కృష్ణమూర్తి_ఎర్త్‌స్టేషన్

వాటి తయారీయే వేరండీ. జీశాట్-19 (2017), జీశాట్-29 (2018), జీశాట్-11 (2018 డిసెంబరు), ఇవన్నీ హై త్రూపుట్, అంటే ఎక్కువ డేటా మోసే ఉపగ్రహాలు. దేశమంతా ఒకే బీమ్ కాకుండా చిన్న చిన్న స్పాట్ బీమ్‌లు వేస్తాయి. విశాఖ వైపు వాడిన ఫ్రీక్వెన్సీనే కాస్త ఎడంగా ఉన్న ఇంకో బీమ్‌లో మళ్లీ వాడుకోవచ్చు. అలా ఒకే స్పెక్ట్రమ్‌ను చాలాసార్లు తిప్పి వాడడం వల్ల సామర్థ్యం పెరుగుతుంది.

పోల్చి చూడండి. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి వెళ్లిన జీశాట్-24లో 24 కేయూ బ్యాండ్ (డీటీహెచ్ వాడే ఫ్రీక్వెన్సీలు) ట్రాన్స్‌పాండర్లున్నాయి. బరువు 4,180 కిలోలు. మొత్తం సామర్థ్యాన్ని టాటా ప్లే అద్దెకు తీసుకుంది. పైన చెప్పిన లెక్కలో అది ఒకటిన్నర గిగాబిట్లు. 2024 నవంబరులో అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి ఫాల్కన్-9 మీద వెళ్లిన జీశాట్-ఎన్2 బరువు 4,700 కిలోలు. కా బ్యాండ్ (కేయూ కంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలు), 32 బీమ్‌లు, సామర్థ్యం 48 గిగాబిట్లు. బరువులో పెద్ద తేడా లేదు, డేటాలో మాత్రం 30 రెట్ల తేడా.

అయినా 48 గిగాబిట్లను మనిషికి 5 చొప్పున పంచితే ఒకేసారి వీడియో చూడగలిగేది 9,600 మందే. అందరూ ఒకేసారి వాడరు కాబట్టి కనెక్షన్లు ఇంకా ఎక్కువే ఇవ్వొచ్చు. ఎన్ని ఇచ్చినా కోట్ల ఇళ్లకు చాలదు. 32 బీమ్‌లలో 8 ఈశాన్య రాష్ట్రాలకే కేటాయించారు. అది సరైన పని అని నా అభిప్రాయం. వైరు వెళ్లలేని చోటికే ఉపగ్రహ ఇంటర్నెట్ వెళ్లాలి.

---

శేషు_డాలస్ | టెక్సాస్

ఈ చర్చ చూడగానే రాయకుండా ఉండలేకపోయాను. హెచ్‌డీయా, ఇంటర్నెట్టా అన్న ప్రశ్న ఒక ఉపగ్రహం విషయంలో నిజంగానే ఎదురైంది, అదీ అమెరికాలో.

హ్యూస్ అనే కంపెనీ డైరెక్‌టీవీ అనే డీటీహెచ్ సర్వీసుని నడిపేది. 1990ల నుంచే డైరెక్‌పీసీ పేరుతో ఉపగ్రహ ఇంటర్నెట్ కూడా అమ్మేది. డౌన్‌లోడ్ డిష్ నుంచి, అప్‌లోడ్ ఫోన్ లైన్ మీద! ఆ తర్వాత స్పేస్‌వే అని పెద్ద ప్రాజెక్టు మొదలెట్టింది. మూడు కా బ్యాండ్ ఉపగ్రహాలు. ఆకాశంలోనే డేటాను ఏ బీమ్‌కి పంపాలో నిర్ణయించే ప్రాసెసర్లు వాటిలోనే ఉంటాయి. పూర్తిగా బ్రాడ్‌బ్యాండ్ కోసం గీసిన డిజైన్.

2003 డిసెంబరులో కంపెనీ పగ్గాలు రూపర్ట్ మర్డోక్ న్యూస్ కార్ప్ చేతికి వెళ్లాయి. 2004 సెప్టెంబరుకల్లా ప్రకటన వచ్చేసింది: మొదటి రెండు స్పేస్‌వేలూ ఇంటర్నెట్‌కి కాదు, హెచ్‌డీ లోకల్ ఛానళ్లకి. స్పేస్‌వే-1 2005 ఏప్రిల్‌లో సముద్రం మధ్యలోని వేదిక నుంచి జెనిట్ రాకెట్ మీద వెళ్లింది. స్పేస్‌వే-2 అదే ఏడాది నవంబరులో ఏరియన్-5 మీద.

ఎందుకు అలా మార్చారో ఇక్కడ ఉన్నవాళ్లకి బాగా తెలుసు. అమెరికాలో ఎన్‌బీసీ, సీబీఎస్ లాంటివి మన జెమినీలాగా దేశమంతటికీ ఒకే ఛానల్ కావు. దేశంలో 210 టీవీ మార్కెట్లున్నాయి, ఒక్కో మార్కెట్‌లో ఆ ఊరి స్టేషన్ వేరు. డాలస్‌కి డాలస్ స్టేషన్లు, హ్యూస్టన్‌కి హ్యూస్టన్‌వి చూపించాలి. వాటన్నిటినీ దేశమంతా కప్పే బీమ్‌లో హెచ్‌డీలో పెట్టాలంటే ఏ ఉపగ్రహమూ చాలదు. కేబుల్ కంపెనీలేమో అప్పటికే లోకల్ హెచ్‌డీ ఇస్తున్నాయి. కృష్ణమూర్తి గారు చెప్పిన స్పాట్ బీమ్‌లు ఇంటర్నెట్ కోసం తయారైనా ఈ అవసరానికి సరిగ్గా అతికాయి. దాంతోపాటు ఎంపెగ్-2 నుంచి ఎంపెగ్-4కి మారారు. పాత హెచ్‌డీ బాక్సులన్నీ మార్చాల్సి వచ్చింది.

మూడోదైన స్పేస్‌వే-3 మాత్రం హ్యూస్ ఇంటర్నెట్ విభాగం దగ్గరే ఉండి, 2007 ఆగస్టులో పైకెళ్లి ఇంటర్నెట్‌కే పనిచేసింది. కవల పిల్లల్లాంటి ఉపగ్రహాల్లో రెండు టీవీకి, ఒకటి నెట్‌కి. ఆ నిర్ణయంలో పల్లెల్లో ఇంటర్నెట్ లేనివాళ్ల మాట ఎక్కడా వినపడలేదన్నది నా బాధ. అక్కడి పల్లెలకి ఫైబర్ రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది, కొన్నింటికి ఇంకా రాలేదు.

---

మానస_వరంగల్

శేషు గారూ, కథ బాగుంది. కానీ ఆ నిర్ణయం డైరెక్‌టీవీకి చివరికి లాభం చేసిందా?

---

శేషు_డాలస్

కొన్నేళ్లు చేసిందమ్మా. 2007లో డైరెక్‌టీవీ-10 కూడా వచ్చాక హెచ్‌డీ ఛానళ్ల సంఖ్యలో వాళ్లదే పైచేయి. ఫుట్‌బాల్ చూసేవాళ్లు అందుకే తీసుకునేవారు. మా తెలుగు ఇళ్లలో చాలామందికి ఇంకో కంపెనీ, డిష్ నెట్‌వర్క్ ఉండేది, తెలుగు ఛానళ్ల ప్యాకేజీ అందులో దొరికేది కాబట్టి.

2015లో ఏటీ అండ్ టీ అనే టెలికాం కంపెనీ డైరెక్‌టీవీని 4,850 కోట్ల డాలర్లకు కొన్నది. నాలుగేళ్లు తిరక్కుండానే, ఇక కొత్త టీవీ ఉపగ్రహాలు వెయ్యబోమని 2018 చివర్లో చెప్పేసింది. జనం బ్రాడ్‌బ్యాండ్ మీద చూడడం మొదలుపెట్టారు. 2021లో డైరెక్‌టీవీని వేరే కంపెనీగా విడదీసింది. స్పేస్‌వే-1 బ్యాటరీలు పాడై పేలే ప్రమాదం ఉందని తేలడంతో 2020లో దాన్ని కక్ష్య నుంచి పైకి తప్పించాల్సి వచ్చింది.

అటువైపు డిష్ నెట్‌వర్క్ సోదర సంస్థ ఎకోస్టార్ 2011లో హ్యూస్‌ను కొనేసింది. జూపిటర్ పేరుతో ఇంటర్నెట్ ఉపగ్రహాలు విడిగా వేసింది. టీవీ ఉపగ్రహం టీవీకి, ఇంటర్నెట్ ఉపగ్రహం ఇంటర్నెట్‌కి. ఒకదాన్ని తగ్గించి ఇంకోటి పెంచడం కాదు. రవి గారి ప్రశ్నకి అమెరికా చివరికి చెప్పిన జవాబు ఇదే అనుకుంటాను.

---

మానస_వరంగల్

మా ఇంట్లో రెండేళ్ల కింద డిష్ తీసేశాం. ఫైబర్ వచ్చింది, సీరియళ్లు యాప్‌లో, మ్యాచ్‌లు యాప్‌లో. అందుకే నాకు ఈ వాదన మొత్తం పాతదిగా అనిపిస్తోంది. ఐపీఎల్ హక్కుల వేలం గుర్తుందా? 2022లో టీవీ హక్కులు 23,575 కోట్లకు, డిజిటల్ హక్కులు రెండు ప్యాకేజీలూ కలిపి 23,758 కోట్లకు వెళ్లాయి. డిజిటల్ టీవీని దాటింది. 2023 ఫైనల్‌ని జియోసినిమాలో ఒకేసారి 3.2 కోట్ల మంది చూశారు. ఇంకా హెచ్‌డీ ట్రాన్స్‌పాండర్ల గురించి ఎందుకు?

---

కృష్ణమూర్తి_ఎర్త్‌స్టేషన్

మానస గారూ, ఆ 3.2 కోట్ల మందికీ ఒక్కొక్కరికి వేరే స్ట్రీమ్ పంపాలి. సర్వర్లు, నెట్‌వర్కులు, టవర్లు ఆ రాత్రి ఎంత మోశాయో ఆలోచించండి. అదే మ్యాచ్ ఒక హెచ్‌డీ ఛానల్‌గా ఉపగ్రహం నుంచి 8 మెగాబిట్లలో దిగింది, కోట్ల ఇళ్లకు. అందరూ ఒకే సమయంలో ఒకే దాన్ని చూసేటప్పుడు ఉపగ్రహానికి మించిన పద్ధతి లేదు. యాప్‌లో బంతి పడేలోపే పక్కింటి డిష్ వాళ్లు అరవడం మీరూ వినే ఉంటారు.

ఎవరికి నచ్చింది వాళ్లు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడడానికి మాత్రం ఇంటర్నెట్టే సరి. అందుకే ఇప్పుడు వస్తున్న హైబ్రిడ్ బాక్సుల్ని నేను సమర్థిస్తాను. లైవ్ ఛానళ్లు డిష్ నుంచి, పాత ఎపిసోడ్లూ ఓటీటీ యాప్‌లూ ఇంట్లో ఉన్న వైఫై నుంచి. 2019లో ఎయిర్‌టెల్ ఎక్స్‌స్ట్రీమ్, 2020లో టాటా స్కై బింజ్ ప్లస్ బాక్సులు వచ్చాయి. ఏ బరువు ఏ దారిలో వెళ్లాలో ఆ దారిలో వెళ్తుంది.

---

సుబ్బలక్ష్మి_గుంటూరు

బాబూ, మీ లెక్కలన్నీ చదివాను. నేను రిటైర్డ్ టీచర్ని. ఇంట్లో మేమిద్దరమే. మా ఆయనకి చూపు తగ్గింది. హెచ్‌డీలో అయితే కింద స్క్రోలింగ్ చదవగలుగుతున్నారు, ఎస్‌డీలో అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి. కాబట్టి హెచ్‌డీ అంటే కుర్రాళ్ల సరదా అనుకోవద్దు. పెద్ద టీవీలు వచ్చాక ఎస్‌డీ ఛానల్ చూడాలంటే కళ్లు లాగుతున్నాయి.

డబ్బుల సంగతి కూడా ఎవరైనా మాట్లాడండి. 2019లో టెలికాం, టీవీ నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టినప్పుడు 130 రూపాయల నెట్‌వర్క్ ఫీజుకి 100 ఎస్‌డీ ఛానళ్లన్నారు, ఒక హెచ్‌డీని రెండు ఎస్‌డీల కింద లెక్కేశారు. దాని మీద ఛానల్ ధర వేరే, జీఎస్టీ వేరే. 2020లో ఆ ఫీజుకే 200 ఛానళ్లన్నారు. 2024లో ఆ ఫీజు మీద పరిమితే ఎత్తేశారు. మాలాంటి పెన్షన్ వాళ్లకి టీవీ ఒక బిల్లు, నెట్ ఒక బిల్లు, యాప్‌లకి మళ్లీ ఒక బిల్లు. మానస, నువ్వు చెప్పిన యాప్‌లన్నీ కలిపితే నెలకి ఎంతవుతోందో ఒకసారి చూడమ్మా.

---

మానస_వరంగల్

నిజమేనండి. ఫైబర్ ప్లాన్‌లో యాప్‌లు కలిపి ఇస్తున్నారు కాబట్టి మాకు తేలిగ్గా ఉంది. విడివిడిగా కొంటే డీటీహెచ్ కంటే ఎక్కువే అవుతుంది. అంకుల్ గారి విషయం నాకు తట్టలేదు, చెప్పినందుకు థాంక్స్ టీచర్ గారూ.

---

కోనసీమ_కేబుల్ | అమలాపురం

నేను కేబుల్ ఆపరేటర్‌ని. మా నాన్నగారి కాలం నుంచీ ఇదే పని. మా హెడ్‌ఎండ్‌కి, అంటే ఛానళ్లను దించి వైర్లోకి ఎక్కించే కేంద్రానికి, ఛానళ్లు ఉపగ్రహం నుంచే వస్తాయి, పెద్ద సీ బ్యాండ్ డిష్‌లు పెట్టి దించుతారు. అక్కడి నుంచి ఊళ్లోకి వైరు మీద.

ఇప్పుడు ఇంటింటికీ వేస్తున్న ఫైబర్‌లో మాకు హెచ్‌డీకీ నెట్‌కీ తగవు లేదు. ఒకే సన్నటి తీగలో మూడు రంగుల కాంతి వెళ్తుంది. 1490 నానోమీటర్ల మీద ఇంటర్నెట్ ఇంటికి వస్తుంది, 1310 మీద ఇంటి నుంచి వెనక్కి వెళ్తుంది, 1550 మీద టీవీ ఛానళ్లు. టీవీ అంతా విడి రంగులో ఉంది కాబట్టి హెచ్‌డీ ఛానల్ ఎన్ని పెట్టినా నెట్ స్పీడు తగ్గదు. డీటీహెచ్ వాళ్లకి ఆకాశంలో ఇంత చోటు ఎప్పటికీ దొరకదు.

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోన్ మూడూ అంటే జనం ఎగబడ్డారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల ఖర్చు తగ్గింది. కానీ రవి గారి ఊరి వైపు అదే కష్టం. అడవిలో ఒక చెట్టు కూలి తీగ తెగితే అతికే మనిషి, మెషిన్ అక్కడికి చేరడానికే రోజు గడిచిపోతుంది. తీగ వెయ్యడం సగం పనే, దాన్ని బతికించుకోవడం ఇంకో సగం. ఏజెన్సీలో పనిచేసిన మా వాళ్లు ఇదే చెబుతారు.

---

నవీన్_తిరుపతి

ఒక విషయం మరిచిపోతున్నారు. మన దేశంలో హెచ్‌డీ ఆలస్యంగా పెరగడానికి పెద్ద కారణం ట్రాన్స్‌పాండర్ల కరువు. 2006 జులైలో జీఎస్‌ఎల్‌వీ కూలిపోయి ఇన్శాట్-4సీ పోయింది. అందులో డీటీహెచ్‌కి పనికొచ్చే 12 కేయూ ట్రాన్స్‌పాండర్లున్నాయి. 2010 జులైలో ఇన్శాట్-4బీకి సోలార్ ప్యానెల్ దగ్గర కరెంటు సమస్య వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేశారు. సన్ డైరెక్ట్ మలేషియా వాళ్ల మీశాట్-3కి మారాల్సి వచ్చింది. లక్షల డిష్‌ల దిశ మార్చడమంటే మాటలు కాదు. మా ఊళ్లో టెక్నీషియన్లు తెల్లారి నుంచి రాత్రి దాకా మేడలెక్కుతూనే ఉన్నారు.

విదేశీ ఉపగ్రహాల మీద తీసుకోవాలన్నా అప్పట్లో ఇస్రో వైపు నుంచే ఒప్పందం చేసుకోవాలి. అలా అద్దెకి తెచ్చుకున్న ప్రతి మెగాహెర్ట్జ్‌నీ నాలుగు డబ్బులొచ్చే ఛానల్‌తో నింపకుండా ఇంటర్నెట్‌కి వదిలే కంపెనీ ఉంటుందా?

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ట్రాయ్ లెక్కల్లో 2024 మార్చికి 6.2 కోట్ల దాకా ఉన్న డీటీహెచ్ చందాదారులు 2025 మార్చికి 5.7 కోట్ల దగ్గరికి వచ్చేశారు. చందాదారులు తగ్గేకొద్దీ ఒక్కో ఇంటి మీద పడే ట్రాన్స్‌పాండర్ అద్దె పెరుగుతుంది. అది ఛానళ్ల నాణ్యత మీదే పడుతుందని నా భయం. హెచ్‌డీ అని పేరు పెట్టి బిట్‌రేట్ తగ్గిస్తే కబడ్డీలో కాళ్లు కదిలినప్పుడల్లా తెర మీద గళ్లు కనిపిస్తాయి. ఛానళ్ల సంఖ్య కంటే ఒక్కో ఛానల్‌కి ఎన్ని మెగాబిట్లు ఇస్తున్నారో చెప్పమని మనం అడగాలి. ప్యాకెట్ మీద బరువు రాసినట్టు అది కూడా రాయాలి.

---

రవి_పాడేరు

నవీన్ గారూ, అన్నీ నిజమే. కానీ ఎలాన్ మస్క్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ వస్తే మా సమస్య తీరిపోతుందా? ఇక్కడ కుర్రాళ్లంతా దాని మీదే ఆశ పెట్టుకున్నారు.

---

నవీన్_తిరుపతి

కొంత తీరొచ్చు బ్రో. మామూలు ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మాట పైకెళ్లి కిందికొచ్చి, జవాబు మళ్లీ అలాగే రావాలంటే అర సెకను పైనే. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. స్టార్‌లింక్‌వి 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్స్, జులైలో ప్రైవేటు అంతరిక్ష సేవలకి అనుమతులిచ్చే ఇన్-స్పేస్ అనుమతి వచ్చాయి.

కానీ మన గుంటూరు ఎంపీ, కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారే 2025 జులైలో చెప్పారు, స్టార్‌లింక్ దేశంలో 20 లక్షల కనెక్షన్ల దాకే ఇవ్వగలదని, స్పీడు 200 మెగాబిట్ల వరకూ ఉంటుందని. దేశం మొత్తానికి 20 లక్షలంటే ఎవరికి ముందు ఇస్తారన్నదే ప్రశ్న. డబ్బున్న ఫామ్‌హౌస్‌లకి ముందు వెళ్లి, మీ ఊరికి ఆఖర్న వస్తే ప్రయోజనం లేదు.

---

సుబ్బలక్ష్మి_గుంటూరు

నవీన్ చెప్పింది బాగుంది. సచివాలయాలకి, బడులకి, ఆసుపత్రులకి ముందు ఇవ్వాలని నియమం పెట్టాలి.

పిల్లల చదువు సంగతి ఒకటి చెప్పనా. 2004లో ఎడ్యుశాట్ అని చదువు కోసమే ఉపగ్రహం వేశారు, శ్రీహరికోట నుంచే. మేము బడిలో 'మన టీవీ' అనే చదువుల ఛానల్ పాఠాలు పిల్లలకి చూపించేవాళ్లం. ఇప్పుడు తెలంగాణలో అలాంటిదే టీ-శాట్ ఉంది, దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్‌లో పీఎం ఈ-విద్య ఛానళ్లున్నాయి. పాఠం అందరికీ ఒకటే కదా. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, మీ ఇంటి మీదున్న డిష్ చాలు. నెలవారీ చందా కూడా లేదు. పిల్లలకి సందేహం వస్తే అడగడానికి మాత్రం దారి కావాలి. ఆ దారికే మీ కొద్దిపాటి ఇంటర్నెట్ వాడుకోండి.

---

కృష్ణమూర్తి_ఎర్త్‌స్టేషన్

టీచర్ గారు చెప్పిన దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్తాను. హార్డ్ డిస్క్ ఉన్న బాక్సులోకి రాత్రిపూట ఉపగ్రహం నుంచే ఫైళ్లు దించి పెట్టొచ్చు. డైరెక్‌టీవీ వాళ్లు సినిమాలు అలాగే ముందుగా బాక్సులోకి నెట్టేవారు. ఒక ట్రాన్స్‌పాండర్ రాత్రి ఒక్క గంట పూర్తిగా వాడితే దాదాపు 29 గిగాబైట్లు దిగుతాయి, అదీ దేశంలోని ప్రతి బాక్సులోకీ. పాఠాల వీడియోలు, పోటీ పరీక్షల పుస్తకాలు, దరఖాస్తు ఫారాలు అన్నీ అలా బడిలోని బాక్సుకి చేరొచ్చు. రవి గారు అడిగిన 10 హెచ్‌డీ ఛానళ్ల చోటుని పగలంతా అడగనక్కర్లేదు, అర్ధరాత్రి తర్వాత ఒక గంట అడగండి. ఆ సమయంలో టెలిషాపింగ్ తప్ప చాలా ఛానళ్లలో కొత్త కార్యక్రమం ఉండదు. ప్రభుత్వం తలుచుకుంటే డీడీ ఫ్రీ డిష్‌తోనే ఇది చెయ్యొచ్చు.

ఇక మీ ఊరి నెట్ గురించి. ఇంటింటికీ ఉపగ్రహ కనెక్షన్ కోసం ఎదురుచూడకండి. కేంద్రం 2022 జులైలో సిగ్నల్ లేని 24,680 గ్రామాలకి బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో పంచాయతీలో కనుక్కోండి. టవర్‌కి ఫైబర్ వెయ్యలేని చోట వీశాట్ ద్వారా కలుపుతారు. ఉపగ్రహం నుంచి టవర్‌కి, టవర్ నుంచి ఊరికి. ఉన్న కొద్దిపాటి సామర్థ్యాన్ని ఊరంతా పంచుకోవడానికి అదే మంచి దారి. సినిమాలు చూడ్డానికి చాలదు, కానీ ఈకేవైసీకి, ఫీజు కట్టడానికి, 108కి ఫోన్ చెయ్యడానికి సరిపోతుంది.

---

కోనసీమ_కేబుల్

టవర్ అడిగేటప్పుడు కరెంటు గురించి కూడా అడగండి రవి గారూ. మీ వైపు గాలివానకి కరెంటు పోతే గంటల తరబడి రాదు. సోలార్ ప్యానెళ్లు, సరిపడా బ్యాటరీలు పెట్టమని అర్జీలోనే రాయండి. కొన్నిచోట్ల టవర్ ఉంటుంది గానీ కరెంటు పోగానే అదీ పోతుంది. వీశాట్ అయితే డిష్ బిగించే దిమ్మ కూడా గట్టిగా కట్టించాలి. కా బ్యాండ్ బీమ్‌కి డిష్ కాస్త పక్కకి జరిగినా సిగ్నల్ పోతుంది, పెద్ద వానకి కేయూ కంటే ముందే పడిపోతుంది.

---

రవి_పాడేరు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రేపు సోమవారం పాడేరులో అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే రోజు. అర్జీలో మూడు విషయాలు రాస్తున్నాను: మా ఊరు 4జీ జాబితాలో ఉందో లేదో చెప్పమని, ఫైబర్ కుదరకపోతే టవర్‌కి వీశాట్, సోలార్ పెట్టమని, బడికి ఫ్రీ డిష్ బాక్సు, టీవీ ఇమ్మని. టీచర్ గారూ, ఈ-విద్యలో తెలుగు పాఠాలు ఏ తరగతికి ఏ ఛానల్లో వస్తాయో మీకు తెలిస్తే ఇక్కడ పెట్టండి. మా హెడ్‌మాస్టర్ గారికి చూపిస్తాను.

---

సుబ్బలక్ష్మి_గుంటూరు

పెడతాను నాయనా. మా పాత స్కూల్లో ఇప్పుడున్న టీచర్ని అడిగి, ఛానల్ నంబర్లు, సమయాలు రాసి రేపు పొద్దున్నే పెడతాను. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తప్పకుండా తీసుకో.